సాగర్ రైడ్‌కి ముందు మీ రోడ్ బైక్: గురువారం పని శనివారం రాత్రికి పెట్టుకోవద్దు

నమస్తే అన్నలూ, అక్కలూ. ఈ ఆదివారం పొద్దున ఐదింటికి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కలిసి రోడ్ బైకుల మీద, అంటే సన్న టైర్ల గేర్ సైకిళ్ల మీద, నాగార్జునసాగర్ పోయి వస్తున్నాం, హాలియా, పెద్దవూర మీదుగా 565 నంబర్ హైవే పట్టుకొని, రానూపోనూ 120 కిలోమీటర్లు దాటుతుంది. గ్రూప్‌లో కొత్తవాళ్లు చాలామంది ఉన్నారు, అందరూ అడిగేది ఒకటే, బైక్‌ని హైదరాబాద్ తీసుకుపోయి సర్వీసింగ్‌కి ఇవ్వాలా అని. అక్కర్లేదు, ఇంట్లోనే అయిపోతుంది. కాకపోతే పని ఏదున్నా గురువారం చేయండి, శుక్రవారం సాయంత్రం అలా పానగల్ దాకా పోయి గేర్లన్నీ మార్చుకుంటూ తిప్పి చూడండి, శనివారం రాత్రి మాత్రం సీసాల్లో నీళ్లు నింపుకోవడం తప్ప బైక్ మీద అలెన్ కీ పెట్టొద్దు.

ఎందుకంటారా? కొత్త గేర్ కేబుల్ వేస్తే అది సర్దుకునేదాకా గేర్లు కుదురుగా ఉండవు. కొత్త చైన్‌ని అరిగిన క్యాసెట్ మీద, అంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి మీద, వేస్తే స్టాండ్ మీద చక్కగా తిరుగుతుంది, ఎక్కుడులో గట్టిగా తొక్కగానే పళ్ల మీద నుంచి జారుతుంది. ఆ సంగతి మీకు హాలియా దాటాక తెలిసిందనుకోండి, గ్రూపంతా మీకోసం ఎండలో నిలబడాలి, పైగా వరసలో మీ వెనక చక్రానికి అడుగు దూరంలో తొక్కేవాడికి అది ప్రమాదం కూడా.

సరే, చైన్‌తో మొదలుపెడదాం. తమ్మీ, కెమెరా కొంచెం కిందికి తీసుకురా, చైన్ దగ్గరగా కనబడాలి. ఆ, అంతే.

చైన్ అరిగిందో లేదో చూడటానికి గేజ్ కొనాల్సిన పని లేదు, పిల్లల జామెట్రీ బాక్సులో స్కేల్ కాకుండా 12 అంగుళాలు దాటిన స్టీలు స్కేల్ ఒకటి చాలు. చైన్ లింకుల్ని కలిపే ఒక పిన్ను నడిమధ్యలో సున్నా పెట్టండి, దాన్ని లెక్కపెట్టకుండా అక్కడి నుంచి 24వ పిన్ను చూడండి. కొత్త చైన్‌కి ఆ పిన్ను మధ్య భాగం సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. ఇదిగో, ఇది చూడండి, గీత దాటి కొంచెం అవతలికి పోయింది కదా, ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది, అంటే అర శాతం సాగినట్టు. వెనక 11 గేర్లో 12 గేర్లో ఉన్న బైక్ అయితే ఇక్కడికే చైన్ మార్చేయాలి, 8 నుంచి 10 గేర్ల బైక్ అయితే ముప్పావు శాతం దాకా, అంటే రెండు మిల్లీమీటర్లు కాస్త దాటేదాకా ఆగొచ్చు. అంతకు మించి వాడితే చైన్‌తో పాటు క్యాసెట్‌ని కూడా తినేస్తుంది, అప్పుడు ఖర్చు రెండింతలు కాదు, ఇంకా ఎక్కువ.

చైన్ బాగుంటే శుభ్రం చేసుకుంటే చాలు. మా దగ్గర గ్యాస్ నూనె, అంటే కిరోసిన్, దొరకడం కష్టమైపోయింది, డీజిల్‌తో చేసేవాళ్లున్నారు, జిడ్డు వదిలించే డిగ్రీజర్ ఉంటే ఇంకా మంచిది. పాత బనియన్ గుడ్డ తడిపి చైన్‌ని వేళ్ల మధ్య పట్టుకొని పెడల్ వెనక్కి తిప్పండి, గుడ్డకి నలుపు అంటడం తగ్గేదాకా. పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత నూనె, ఒక్కో రోలర్ మీద, అంటే పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం మీద, ఒక్కో చుక్క, చైన్ కింది వరసకి లోపలి వైపు నుంచి. కొంచెంసేపు తిప్పి, పది నిమిషాలు వదిలేసి, ఆ తర్వాత పొడిగుడ్డతో పైనున్న నూనె అంతా తుడిచేయండి. తుడవడం ఎందుకు, వేసిన నూనె వేస్ట్ కదా అని చాలామంది అడుగుతారు. చైన్ ఏమన్నా ఆవకాయా, పైన నూనె తేలడానికి? నూనె ఉండాల్సింది పిన్నుకీ రోలర్‌కీ మధ్య, పైన మిగిలిందంతా దుమ్ము పట్టుకోవడానికే. మన వైపు వరి కోతల టైంలో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, పొట్టు లేస్తుంది, ట్రాక్టర్లు పొలంలో నుంచి బురద మోసుకొచ్చి రోడ్డు మీద పోస్తాయి, అదంతా ఎండి పొడి అవుతుంది, ఆ పొడి నూనెలో కలిస్తే చైన్ మీద ఉప్పుకాగితం రుద్దినట్టే. చైన్ నూనెలో రెండు రకాలు, ఎండాకాలం డ్రై లూబ్, వానల్లో వెట్ లూబ్. ఇంజన్ ఆయిల్ వద్దు, అందరిళ్లలో ఉండే ఆ మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే అయితే కడగడానికి పనికొస్తుంది తప్ప చైన్ నూనె పని చేయదు.

ఇక టైర్లు. నా మాట వినండి, ఈ రూట్‌లో మిమ్మల్ని ఆపేది తొంభై పాళ్లు టైరే. రోడ్డు పక్కనంతా సర్కారు తుమ్మ, దాని ముల్లు ఒకటైతే, హైవే మీద పేలిన లారీ టైర్లలోంచి రాలే వెంట్రుకంత ఉక్కు తీగ ఇంకొకటి. ముల్లు వెంటనే చెప్తుంది, తీగ చెప్పదు, మెల్లగా గాలి పోతుంటుంది, ట్యూబ్ మారుస్తారు, మళ్లీ అరగంటకి అదే చోట. అందుకే టైర్‌లో గాలి సగం తీసేసి, ఇలా వేళ్లతో విడదీస్తూ చుట్టూ చూడండి. గాజు ముక్కలు, ముళ్లు ఉంటే సూదితో తీయండి. ట్యూబ్ తీసి లోపలి వైపు చూసేటప్పుడు చేత్తో తడమకండి, వేలు తెగుతుంది, కొంచెం దూది తీసుకొని తిప్పండి, తీగ ఉన్నచోట దూది పోగు పట్టుకుంటుంది. ఇదిగో, కనబడుతోందా? కటింగ్ ప్లయర్‌తో పట్టుకొని బయటికి లాగేయడమే. ముల్లు తీగా కాకుండా టైర్ పక్క గోడ తెగి దారాలు కనిపిస్తుంటే మాత్రం ఆ టైర్‌తో రావద్దు.

గాలి ఎంత పెట్టాలి అంటే, టైర్ పక్కన రాసున్నది గరిష్ఠం, అంత పెట్టమని కాదు. 25 మిల్లీమీటర్ల టైర్, 70 కిలోల మనిషి అయితే 80 నుంచి 90 పీఎస్‌ఐ, 28 అయితే 70 నుంచి 80 మధ్య సరిపోతుంది, వెనక చక్రానికి ముందుదాని కన్నా కొంచెం ఎక్కువ. బైక్‌కి సన్న వాల్వ్ ఉంటే రోడ్డు పక్క పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు, ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో పడేసుకోండి, ఖరీదు పెద్దగా ఉండదు. ఆ కంప్రెసర్‌తో పెట్టేటప్పుడు అన్నకి ముందే చెప్పండి, సన్న టైర్ కాబట్టి రెండు సెకన్లలో నిండిపోతుందని. గాలి ఆదివారం పొద్దున బయల్దేరే ముందు చూసుకోండి, శనివారం పెడితే సన్న ట్యూబ్‌లో రాత్రికి రాత్రి కొంత తగ్గుతుంది. ట్యూబ్‌లెస్ వాళ్లు సీలెంట్, అంటే చిల్లులు మూసే ద్రవం, ఎప్పుడు పోశారో గుర్తు చేసుకోండి, మన ఎండలకి తొందరగా ఎండిపోతుంది.

బ్రేకులు. సాగర్‌లో హిల్ కాలనీ నుంచి కింద పైలాన్ కాలనీ వైపు దిగేటప్పుడు తెలుస్తుంది వీటి విలువ. రిమ్ బ్రేక్ అయితే ప్యాడ్ మీద గాడి కనిపించాలి, అందులో మెరిసే అల్యూమినియం రవ్వలు ఇరుక్కుంటే సూదితో తీసేయండి, లేకపోతే రిమ్‌ని గీకుతుంటాయి. డిస్క్ అయితే చక్రం తీసినప్పుడు లివర్ నొక్కొద్దు, పిస్టన్లు బయటికొచ్చేస్తే డిస్క్ మళ్లీ లోపలికి దూరదు. చైన్‌కి నూనె వేసేటప్పుడు డిస్క్ మీద చుక్క పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

గేరు పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కడానికి మొండికేస్తుంటే, చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే వెనక డీరెయిలర్ దగ్గర కేబుల్ చివర ఉన్న ఈ చిన్న గుబ్బని, వెనక నుంచి చూస్తూ, మూత విప్పే దిక్కున పావు చుట్టు తిప్పండి, మళ్లీ గేరు మార్చి చూడండి. ఎక్కువై చిన్న పళ్ల చక్రం మీదికి దిగనంటుంటే మూత బిగించే దిక్కున తిప్పండి. పక్కనున్న రెండు స్క్రూలు ముట్టొద్దు. దీంతో కూడా కుదరకపోతే హ్యాంగర్, అంటే డీరెయిలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క, వంగి ఉండొచ్చు, బైక్ కుడి వైపుకి పడితే అదే వంగుతుంది, అది షాపు పనే.

బోల్టులు అన్నీ ఒకసారి చూసుకోండి, హ్యాండిల్, సీటు, బాటిల్ కేజ్. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్‌ల మీద చాలావాటికి ఎంత బిగించాలో 5 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటుంది, కార్బన్ ఫైబర్ ఉన్నచోట బిగింపు కొలిచే టార్క్ రెంచ్ లేకుండా బలం చూపించొద్దు, టప్‌మని పగులుతుంది.

వెంట తెచ్చుకునేవి: రెండు ట్యూబులు, రెండు టైర్ లివర్లు, పంపు, ప్యాచ్ కిట్, మల్టీటూల్, తెగిన చైన్‌ని కలిపే, మీ చైన్‌కి సరిపడే క్విక్ లింక్. గ్రూప్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుందిలే అనుకోకండి, ఒకరి రిమ్ లోతుది, ఇంకొకరి ట్యూబ్‌కి పొట్టి వాల్వ్ ఉంటే ఇచ్చినా పనికిరాదు, 10 గేర్ల లింక్ 11 గేర్ల చైన్‌కి పట్టదు, హ్యాంగర్ అయితే మోడల్‌కి ఒకటి. ఖాళీ పాల ప్యాకెట్ ముక్క ఒకటి కూడా మడిచి పెట్టుకోండి, టైర్ తెగితే ట్యూబ్‌కీ టైర్‌కీ మధ్య పెట్టి ఇంటికి చేరొచ్చు.

తిరిగొచ్చాక బైక్‌ని మోటార్ సైకిళ్ల వాటర్ సర్వీసింగ్‌కి మాత్రం తోలుకుపోవద్దు. ఆ ప్రెషర్ నీళ్లు హబ్బుల్లోకి, పెడల్ బేరింగ్‌లోకి దూరి గ్రీజంతా కడిగేస్తాయి. బకెట్‌లో నీళ్లు, కొంచెం షాంపూ, స్పాంజ్, అయిపోయింది. చెమట కారిన చోట, స్టెమ్ బోల్టులు, హ్యాండిల్ కింద, ముందు తుడవండి, ఉప్పుకి తుప్పు పడుతుంది. చైన్ ఆరాక మళ్లీ చుక్కలు. టైర్లలో ముళ్లు ఏమన్నా మిగిలాయేమో అప్పుడే చూసేయండి, దారిలో ట్యూబ్ వాడుంటే సంచిలో కొత్తది అదే రోజు పెట్టేయండి, వచ్చే వారానికి పంక్చర్ ట్యూబే మళ్లీ వెంట తీసుకొచ్చేవాళ్లు మన గ్రూప్‌లో ఉన్నారు, పేర్లు చెప్పను.