వీధి మెరకైతే ఇల్లు పల్లం: కాకినాడ పాత పేటల్లో కొత్త అపార్ట్‌మెంట్లు

[దృశ్యం: ఉదయం. రామారావుపేటలో ఒక వీధి. కెమెరా నేలకు దగ్గరగా, గడపల ఎత్తులో కదులుతుంది.]

వ్యాఖ్యానం:
కాకినాడ రామారావుపేటలోనో సూర్యారావుపేటలోనో ఒక వీధి మొదట్లో నిలబడి చూస్తే, మూడు తరాల ఇళ్ళు ఒకే వరుసలో కనిపిస్తాయి. సున్నపు గోడల పెంకుటిల్లు ఒకటి, దాని పక్కన నలభై, యాభై ఏళ్ళ నాటి డాబా, ఆ పక్కన స్టిల్టు మీద, అంటే కింద వాహనాలకు ఖాళీ వదిలి స్తంభాల మీద నిలిచిన అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. వాటి గడపలను ఒక్కసారి పోల్చి చూడండి. పెంకుటింటి అరుగు మీదికి ఒకప్పుడు వీధిలోంచి మెట్లెక్కి వెళ్ళేవారు. ఇప్పుడు చాలా చోట్ల ఆ అరుగు రోడ్డుతో సమానమైంది. కొన్ని చోట్ల ఇంట్లోకి దిగి వెళ్ళాలి. ఇల్లు ఉన్నచోటే ఉంది, చుట్టూ ఉన్న నేలే ఏడాదికి కొంత చొప్పున మెరక అవుతూ వచ్చింది.

ఊరి నడిబొడ్డున ఉన్న పాత ఇళ్ళను, ఖాళీ స్థలాలను తీసుకుని, అదే చోట ఎక్కువ కుటుంబాలు ఉండేలా భవనాలు కట్టే పద్ధతి గురించి ఈ వీడియోలో మాట్లాడుకుందాం. ఈ పద్ధతి కాకినాడకు అవసరమని నా గట్టి అభిప్రాయం. అయితే మనం అనుమతి ఒక్కొక్క స్థలానికి విడివిడిగా ఇస్తున్నాం, వాన నీరు మాత్రం వీధి మొత్తాన్నీ ఒకటిగా చూస్తుంది. ఇబ్బంది అంతా అక్కడే పుడుతోంది.

[దృశ్యం: నగర పటం. తూర్పున అఖాతం, దక్షిణాన కోరింగ మడ అడవులు, పడమర వరిచేలు.]

వ్యాఖ్యానం:
కాకినాడ 1866లోనే మునిసిపాలిటీ అయిన రేవు పట్నం. 1839 నాటి పెను తుపానులో పక్కనున్న కోరింగ రేవు దెబ్బతినడం, ఆ రేవు గోదావరి ఒండ్రుతో పూడుకుపోవడం వల్ల వ్యాపారం క్రమంగా ఇటు మళ్ళింది. అడ్డంగా, నిలువుగా గీత గీసినట్టు సాగే వీధులు ఈ ఊరికి దక్కిన ఆస్తి. 2011 జనాభా లెక్కల నాటికి నగరపాలక సంస్థ పరిధిలో 3 లక్షల 12 వేల మందికి పైగా ఉన్నారు. 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీలలో విశాఖపట్నంతో పాటు కాకినాడ కూడా ఉంది.

ఇంత ఊరు ఇంకా పెరగాలంటే ఎటు పెరగాలి? తూర్పున సముద్రం. దక్షిణాన 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యం, అందులోని మడ అడవులు. పడమర గోదావరి కాలువల కింద పండే వరిచేలు. ఉత్తరాన రేవు, ఎరువుల కర్మాగారాలు, అవి దాటితే సముద్రం కోసుకుపోతున్న ఉప్పాడ తీరం. 2020లో దుమ్ములపేట దగ్గర మడ చెట్లున్న నేలను ఇళ్ళ స్థలాల కోసం చదును చేయడంపై రేగిన వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. అలల వేగాన్ని తగ్గించే మడ చెట్లు ఆ తీరానికి ఎంత అవసరమో ఇక్కడి వారికి వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల కొత్త కుటుంబాలకు చోటు ఊరి లోపలే చూడటం మేలు. నీటి గొట్టం, కరెంటు తీగ, బడి, ఆసుపత్రి, రైతుబజారు అక్కడ ముందే ఉన్నాయి; వయసు మళ్ళినవారు నడిచి వెళ్ళగల దూరంలో ఉన్నాయి.

[దృశ్యం: తాళం వేసి ఉన్న పాత ఇల్లు. పెరట్లో కొబ్బరిచెట్లు, నుయ్యి.]

వ్యాఖ్యానం:
ఒక ఇల్లు అపార్ట్‌మెంటుగా మారే దారి దాదాపు ప్రతి వీధిలోనూ ఒకటే. తాతగారు కట్టిన ఇల్లు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఉమ్మడిగా వస్తుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడతారు. ఇంటిని పంచుకోవడం కుదరదు, బాగు చేయించడం ఒక్కరి వల్ల కాదు. చివరికి అందరూ కలిసి స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇస్తారు. బిల్డరు తన ఖర్చుతో కట్టి, ఒప్పందం ప్రకారం కొన్ని ఫ్లాట్లు వారికిచ్చి, మిగిలినవి అమ్ముకుంటాడు. కొన్నవారికి ఫ్లాటుతో పాటు నేలలో అవిభక్త వాటా, అంటే విడదీసి హద్దులు వేయని ఉమ్మడి వాటా వస్తుంది. ఇందులో ఎవరిదీ తప్పు లేదు. ఆ ఇంటిని అలాగే వదిలేస్తే కొన్నాళ్ళకు గోడలు కూలతాయి.

ఎంత ఎత్తు కట్టవచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నవి 2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు చెబుతాయి. స్థల విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు అనే మూడింటినీ కలిపి చూసి ఆ ఖాళీలు, అంటే సెట్‌బ్యాక్‌లు నిర్ణయిస్తారు. ప్లానుకు కట్టుబడతారనే హామీగా, కట్టబోయే విస్తీర్ణంలో కొంత భాగాన్ని పురపాలక సంస్థకు తనఖా పెట్టాలి. పని ప్లాను ప్రకారమే పూర్తయిందని ఓసీ, అంటే నివాసయోగ్యతా పత్రం వచ్చిన తరువాతే అది విడుదలవుతుంది. ఇంకుడు గుంత కూడా తప్పనిసరి. ఈ నియమాలు మంచివే. కానీ ప్లానుకు మించి కట్టిన భవనాలను జరిమానాతో క్రమబద్ధీకరించే పథకాలు 2015లో, మళ్ళీ 2019లో వచ్చాయి. సెట్‌బ్యాక్ మింగినవారికి అది కొన్నాళ్ళకు డబ్బుతో తీరిపోయే సంగతి అవుతుంది. పక్కింటివారికి పోయిన గాలి, వెలుతురు మాత్రం తిరిగి రావు.

[దృశ్యం: తెర మీద లెక్క. 500 గజాల స్థలం, పైనుంచి వాన.]

వ్యాఖ్యానం:
ఇక నీటి సంగతికి వద్దాం. ఒక లెక్క వేసి చూద్దాం. 500 గజాల స్థలం అంటే దాదాపు 418 చదరపు మీటర్లు. వాయుగుండం పట్టిన రోజున 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే, ఆ ఒక్క స్థలం మీద పడే నీరు దాదాపు 42 వేల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది నిండేంత నీరు. పాత ఇంట్లో పెరడు, కొబ్బరిచెట్ల పాదులు, వాకిలి మట్టి అందులో కొంత తాగేవి. మరికొంత నెమ్మదిగా వీధిలోకి వచ్చేది. అపార్ట్‌మెంటులో గోడ నుంచి గోడ దాకా సిమెంటు పరిస్తే, దాదాపు అంతా కొద్ది నిమిషాల్లోనే కాలువలో పడుతుంది. అలాంటివి ఒక వీధిలో ఇరవై ఉంటే 8 లక్షల లీటర్లు దాటుతుంది. పెరళ్ళున్న పాత ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని తవ్విన సైడు కాలువ వెడల్పు మాత్రం పెరగలేదు.

ఆ కాలువ నీళ్ళు చివరికి చేరేది ఉప్పుటేరుకు, అటునుంచి అఖాతానికి. నగరం నేల సముద్రమట్టానికి సగటున సుమారు రెండు మీటర్ల ఎత్తులోనే ఉంది. పోటు సమయంలో ఏరు నిండి ఉంటుంది, కాలువ నీరు ముందుకు పోదు. పోటూ, కుండపోత వానా ఒకే సమయంలో వస్తే నీరు ఆగేది వీధిలోనే. వీధిలో అన్నిటికన్నా పల్లంగా ఉన్నది ఏదో మీరు ఇప్పటికే చూశారు.

[దృశ్యం: స్థలంలో బుసక తోలుతున్న ట్రాక్టర్లు. తరువాత, పాత తారు మీద కొత్త తారు వేస్తున్న యంత్రం.]

వ్యాఖ్యానం:
కొత్తగా కట్టేవారు ముందుగా చేసే పని స్థలాన్ని మెరక చేయడం. బుసకో (ఇసుక మన్ను) గ్రావెలో తోలించి, రోడ్డు కన్నా రెండు, మూడు అడుగులు లేపుతారు. వారి జాగ్రత్త వారిది, తప్పు పట్టలేం. తరువాత రోడ్డు వేసేటప్పుడు పాత పొరను తీయకుండా దాని మీదే మరో పొర వేస్తారు. రోడ్డు కొన్ని అంగుళాలు లేస్తుంది. ఆపైన కట్టేవారు ఆ రోడ్డును చూసి తమ పునాదిని ఇంకా ఎత్తు చేస్తారు. ఈ పోటీలో ఓడిపోయేవారు ఎవరంటే, ఇల్లు ఎత్తు చేసుకునే స్తోమత లేని పెంకుటింటి ముసలివారు, వెనక సందులోని అద్దెవారు, పల్లంలో ఉన్న పేటలవారు. నన్ను ఈ వీడియో చేయించింది వారి ఇళ్ళలో గోడ మీద మోకాలెత్తున కనిపించే తేమ గీతే.

ఈ పోటీ ఆపడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ప్రతి వీధికీ సముద్రమట్టం నుంచి లెక్కగట్టిన ఒక స్థిరమైన రోడ్డు మట్టాన్ని నిర్ణయించి, దాన్ని వార్డు సచివాలయంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. రోడ్డు మళ్ళీ వేసేటప్పుడు పాత పొరను గీకి తీసిన తరువాతే కొత్తది వేయాలి. ప్లాను మంజూరు చేసేటప్పుడు పునాది ఎత్తును ఆ మట్టానికి ముడిపెట్టాలి. ఆ స్థలంలో పడే వాన నీటిని కనీసం కొన్ని గంటలపాటు అక్కడే ఆపగల తొట్టెను స్టిల్టు కింద కట్టించాలి. నీటిమట్టం పైకే ఉండే ఈ నేలలో ఇంకుడు గుంత ఒక్కటే చాలదు, ఎందుకంటే వానాకాలంలో ఆ గుంతే నీళ్ళతో నిండి ఉంటుంది. వీటన్నిటితో పాటు, కాలువలు ఏరులో కలిసే చోట పోటు నీరు వెనక్కి రాకుండా తలుపులు, పంపులు ఉండాలి.

[దృశ్యం: పునాది తవ్వకం. గోతిలో ఊరుతున్న నీరు, తోడుతున్న మోటారు. పక్కింటి గోడ మీద పగులు.]

వ్యాఖ్యానం:
నేల కింద జరిగేది పైకి కనిపించదు. ఇక్కడి నేలలో చాలా చోట్ల ఉన్నది మెత్తని సముద్రపు బంకమన్ను. దాని మీద ఎత్తు భవనం నిలవాలంటే పైల్ పునాదులు, అంటే గట్టి నేల దాకా లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు కావాలి. సెల్లారు (నేల కింది అంతస్తు) కోసం లోతుగా తవ్వి రోజుల తరబడి నీరు తోడితే, పక్క స్థలంలోని నీరూ అటే లాగుకుపోయి, బంకమన్ను కుదించుకుపోయి, తక్కువ లోతు పునాదుల మీద సున్నంతో కట్టిన పాత గోడలు పగులుతాయి. కాబట్టి తవ్వకానికి ముందు ఇరుగుపొరుగు ఇళ్ళ గోడలను ఫొటోలు తీసి, రెండు పక్షాలూ సంతకాలు చేసుకోవడం మంచి పద్ధతి. ఈ ఊళ్ళో సెల్లారు కన్నా స్టిల్టు మేలు. అయితే మీటరు బోర్డులను, జనరేటరును స్టిల్టు నేల మీద కాకుండా వరద మట్టానికి పైన అమర్చాలి.

బోర్ల సంగతి ఇంకా గంభీరమైనది. తీరప్రాంతంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే, అడుగున మంచినీరు దాదాపు 40 మీటర్ల లోతు దాకా ఉంటుందని శాస్త్రం చెబుతుంది. మరోవిధంగా చెప్పాలంటే, పైమట్టం ఒక్క మీటరు తగ్గితే ఉప్పునీరు కింది నుంచి 40 మీటర్లు పైకి వస్తుంది. ఒక ఇంటి నుయ్యి ఉన్న చోట పదిహేను ఫ్లాట్లకు ఒక మోటారు పెట్టి పగలూ రాత్రీ తోడితే వచ్చేది ఇదే. అలా ఉప్పెక్కిన బోరు నీటితోనే కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

[దృశ్యం: పాత అపార్ట్‌మెంటు బాల్కనీ అడుగు భాగం. పెచ్చులూడి కనిపిస్తున్న ఊచలు.]

వ్యాఖ్యానం:
సముద్రపు గాలి తగిలే కట్టడాలను భారతీయ ప్రమాణం ఐఎస్ 456 తీవ్ర పరిస్థితుల కింద లెక్కిస్తుంది. అలాంటి చోట కనీసం ఎం30 అనే బలం స్థాయి కాంక్రీటు వాడాలని, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే వాటిని కప్పే కాంక్రీటు మందం ఉండాలని చెబుతుంది. కవరు తగ్గితే ఇరవై, ముప్ఫై ఏళ్ళలోనే బాల్కనీలు పెచ్చులూడతాయి. అప్పుడు ఆ భవనాన్ని పడగొట్టి కట్టాలంటే చిన్న చిన్న అవిభక్త వాటాలున్న యజమానులందరూ ఒక మాట మీదికి రావాలి. అన్నదమ్ములు నలుగురు ఒప్పుకోవడం కన్నా అది ఎంతో కష్టం.

కొనేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం, స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టు నమోదు తప్పనిసరి కాదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. పాత పేటల్లో డెవలప్‌మెంటుకు వెళ్ళే స్థలాల్లో చాలా వరకు ఈ హద్దు లోపలే ఉంటాయి. ఊరి శివార్లలోని పెద్ద ప్రాజెక్టులో కొన్నవారికి ఉన్న నమోదు రక్షణ వీటిలో ఉండదు. అందువల్ల మంజూరైన ప్లాను, తనఖా పత్రం, ఓసీ, మట్టి పరీక్ష నివేదిక అడిగి చూసుకునే బాధ్యత కొనేవారి మీదే పడుతుంది.

[దృశ్యం: మళ్ళీ మొదటి వీధి. ఇద్దరు వ్యక్తులు ఒక సన్నని ట్యూబులో నీళ్ళు నింపి, ఒక కొసను అపార్ట్‌మెంటు గేటు దగ్గర, మరో కొసను పెంకుటింటి గడప దగ్గర పట్టుకుంటారు.]

వ్యాఖ్యానం:
మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే ఈ నీళ్ళ ట్యూబు మీకూ తెలిసే ఉంటుంది. మీరు స్థలం ఇవ్వబోతున్నా, ఫ్లాటు కొనబోతున్నా, ముందు వీధివారిని కలుపుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి గడప దగ్గరా ఇలా మట్టం చూసి, ఒక కాగితం మీద రాయండి. ఏ ఇల్లు ఎంత పల్లంలో ఉందో, కాలువ ఎటు వాలి ఉందో ఒక్క పూటలో తేలిపోతుంది. ఆ కాగితాన్ని వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శికి అందరి సంతకాలతో ఇచ్చి, తరువాతి రోడ్డు వేసే ముందు, తరువాతి ప్లాను మంజూరు చేసే ముందు దాన్ని ఫైలులో పెట్టమని అడగండి.