ఇచ్చిన స్వేచ్ఛా, తెచ్చుకున్న స్వేచ్ఛా? బ్రిటన్ బానిసత్వ రద్దును చరిత్ర ఎలా చెప్పుకుంది

అందరికీ నమస్కారం.

2018 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నాడు బ్రిటన్ ఆర్థిక శాఖ ట్విటర్‌లో ఒక చిన్న సందేశం పెట్టింది. బానిసత్వ రద్దు చట్టం కోసం ప్రభుత్వం తెచ్చిన అప్పు ఎంత పెద్దదంటే అది 2015 వరకూ తీరలేదని, కాబట్టి ఈనాటి పౌరులు లక్షలాదిగా తమ పన్నుల ద్వారా బానిసల వ్యాపారాన్ని అంతం చేయడంలో పాలుపంచుకున్నారని దాని సారాంశం. విమర్శలు వెల్లువెత్తాక ఆ సందేశాన్ని తొలగించారు. అప్పు తేవడమూ నిజమే, అది 2015లో తీరడమూ నిజమే. ఆ డబ్బు ఎవరి చేతికి చేరిందన్న ముఖ్యమైన మాట మాత్రం అందులో లేదు. ఒక దేశం తన గతాన్ని తనకు తాను ఎలా చెప్పుకుంటుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. అందుకే ఇంగ్లీషు మాట్లాడే దేశాల ఆధునిక చరిత్రలో ఎంతో గర్వంగా చెప్పుకునే ఈ ఘట్టాన్నే ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు జరిగింది జరిగినట్టు చూద్దాం. ఆఫ్రికా నుంచి మనుషులను ఓడల్లో తరలించి అమ్మే వ్యాపారాన్ని బ్రిటిష్ పార్లమెంటు 1807లో నిషేధించింది. అప్పటికే బ్రిటిష్ ఓడలు సుమారు 31 లక్షల మందిని ఆఫ్రికా తీరంలో ఎక్కించుకున్నాయి. వారిలో దాదాపు 27 లక్షల మంది మాత్రమే ప్రాణాలతో అవతలి ఒడ్డు చేరారు. వ్యాపారం ఆగింది గానీ బానిసత్వం ఆగలేదు. కరీబియన్ ప్రాంతంలోని బ్రిటిష్ కాలనీలైన జమైకాలో, బార్బడోస్‌లో, డెమెరారాలో చెరకు తోటలు అదే తీరున మరో పాతికేళ్లకు పైగా నడిచాయి. బానిసత్వాన్నే రద్దు చేసే చట్టం 1833 ఆగస్టు 28న రాజామోదం పొంది, 1834 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. దాని పరిధిలోకి వచ్చిన బానిసలు సుమారు 8 లక్షల మంది.

ఆ చట్టం 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారాన్ని మంజూరు చేసింది. ఆనాటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో అది దాదాపు 40 శాతం. అందులో కోటిన్నర పౌండ్లను 1835లో లండన్ ధనవ్యాపారులు నేథన్ మేయర్ రాత్‌షైల్డ్, మోజెస్ మాంటిఫియోరీ నాయకత్వంలో రుణంగా సమకూర్చారు. నష్టపరిహారం అంటే నష్టపోయినవారికి ఇచ్చేది అని మనందరికీ తెలుసు. ఇక్కడ నష్టపోయినవారు ఎవరని చట్టం భావించిందో గమనించండి. ఆ సొమ్ము మొత్తం యజమానులకు వెళ్లింది. జీవితమంతా కూలి లేకుండా చాకిరీ చేసినవారికి ఒక్క పెన్నీ కూడా దక్కలేదు. పైగా వారు ఆ మర్నాటి నుంచే పూర్తిగా స్వతంత్రులు కాలేదు. అప్రెంటిస్‌లు అన్న కొత్త పేరు పెట్టి, పొలంలో పనిచేసేవారు మరో ఆరేళ్లపాటు వారానికి 45 గంటల వరకు అదే యజమానికి జీతం లేకుండా పని చేయాలని చట్టం నిర్దేశించింది. అంటే తమ విముక్తి ఖరీదులో కొంత భాగాన్ని వారే తమ ఒళ్లు వంచి చెల్లించారు. తోటల్లో ప్రతిఘటన, ఇంగ్లండ్‌లో ఆందోళన పెరగడంతో ఆ ఏర్పాటును రెండేళ్లు ముందుగా, 1838 ఆగస్టు 1న ఎత్తివేయవలసి వచ్చింది.

డబ్బు పుచ్చుకున్నవారిలో జాన్ గ్లాడ్‌స్టన్ ఒకరు. తరవాతి కాలంలో నాలుగు సార్లు ప్రధానమంత్రి అయిన విలియం గ్లాడ్‌స్టన్‌కు ఆయన తండ్రి. రెండున్నర వేల మంది బానిసలకు గాను ఆయనకు లక్ష పౌండ్లకు పైగా ముట్టింది. అయితే ఇది కొద్దిమంది కోటీశ్వరుల కథ మాత్రమే అనుకోకూడదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఆనాటి సుమారు 46 వేల దరఖాస్తులను ఏళ్ల తరబడి చదివి, 2013లో అందరికీ అందుబాటులో పెట్టారు. అందులో చర్చి గురువులున్నారు, వితంతువులున్నారు, వారసత్వంగా ఇద్దరు ముగ్గురు మనుషులను ఆస్తిగా పొందిన మధ్యతరగతి కుటుంబాలున్నాయి. బ్రిటన్‌లోనే నివసిస్తున్న దాదాపు 3 వేల మందికి మొత్తం సొమ్ములో సుమారు సగం చేరింది. బానిసత్వం ఎక్కడో సముద్రాల అవతల జరిగిన వ్యవహారమని అనుకుంటూ వచ్చిన సమాజానికి, అది తన వీధిలోని ఇంటి పత్రాల్లోనే ఉందని ఆ లెక్కలు చూపించాయి.

ఇక ఆ ట్విటర్ సందేశం ఎందుకు అంతగా గాయపరిచిందో ఇప్పుడు అర్థమవుతుంది. 1948 నుంచి కరీబియన్ దీవుల ప్రజలు పెద్ద సంఖ్యలో బ్రిటన్‌కు వచ్చి ఆసుపత్రుల్లో, బస్సుల్లో, రైళ్లలో పనిచేశారు, పన్నులు కట్టారు. తమ ముత్తాతలను సొంతం చేసుకున్నవారికి ఇచ్చిన పరిహారం తాలూకు అప్పును వారు కూడా 2015 దాకా తీర్చారన్న మాట. ఆ విషయాన్ని ఒక శుభవార్తలాగా వారికే చెప్పడం ఎంత నొప్పించి ఉంటుందో ఊహించండి.

ఇలాంటి సందేశం ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఎవరికీ తప్పుగా తోచకపోవడం వెనుక నూట యాభై ఏళ్ల చరిత్ర రచన ఉంది. 1869లో డబ్ల్యూ. ఇ. హెచ్. లెకీ అనే చరిత్రకారుడు, బానిసత్వానికి వ్యతిరేకంగా ఇంగ్లండ్ సాగించిన పోరాటాన్ని జాతుల చరిత్రలో సంపూర్ణంగా పుణ్యమైన మూడు నాలుగు పుటల్లో ఒకటిగా లెక్కించాడు. 1933లో రద్దు చట్టానికి నూరేళ్లు నిండినప్పుడు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రెజినాల్డ్ కూప్లండ్ కూడా దాదాపు ఆ బాటలోనే నడిచాడు. ఈ కథలో బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్స్ వంటి ధర్మాత్ములు ఉంటారు, పార్లమెంటు ఉంటుంది, చివరకు మేలుకున్న జాతి మనస్సాక్షి ఉంటుంది. చరిత్ర అంటే స్వేచ్ఛ మెట్టు మెట్టుగా పైకి ఎక్కడమేనని, ఆ మెట్లు కట్టింది తమ దేశపు వ్యవస్థలేనని నమ్మే ఈ ధోరణిని విగ్ చరిత్ర దృష్టి అంటారు. 1931లోనే కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు హెర్బర్ట్ బటర్‌ఫీల్డ్ దాన్ని తీవ్రంగా విమర్శించాడు. గెలిచినవారి వైపు నిలబడి, నేటి వెలుగులో నిన్నటిని తీర్చిదిద్దడం చరిత్రకారుడి పని కాదన్నాడు. అయినా బానిసత్వ రద్దు విషయంలో ఆ దృష్టి చెక్కుచెదరలేదు.

దాన్ని కదిలించినవాడు ఆ కరీబియన్ దీవుల నుంచే వచ్చాడు. 1911లో ట్రినిడాడ్‌లో పుట్టిన ఎరిక్ విలియమ్స్ ఉపకార వేతనంతో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లి, 1938లో ఈ అంశం మీదే డాక్టరేట్ పొందాడు. దాన్ని పుస్తకంగా వేయమని లండన్‌లో ఒక ప్రచురణకర్తను అడిగితే, అది బ్రిటిష్ సంప్రదాయానికే విరుద్ధమని తిరస్కరించాడు. చివరకు అది 1944లో అమెరికాలో వెలువడింది. బ్రిటన్‌లో అచ్చు కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అప్పటికి ఆయన స్వతంత్ర ట్రినిడాడ్ అండ్ టొబాగో దేశానికి ప్రధానమంత్రి. ఆయన వాదన రెండు ముక్కల్లో ఇది: బానిసల శ్రమ నుంచి వచ్చిన లాభం బ్రిటన్ పారిశ్రామిక విప్లవానికి పెట్టుబడి అయింది, ఆ తోటలు లాభసాటిగా లేని రోజు వచ్చాక, కొత్త పారిశ్రామిక వర్గానికి వాటి గుత్తాధిపత్యం అడ్డుగా తోచాకే, మనస్సాక్షి మాట పార్లమెంటులో చెల్లుబాటయింది. బ్రిటిష్ చరిత్రకారులు రాసిన తీరు చూస్తే, రద్దు చేసే తృప్తి కోసమే బ్రిటన్ బానిసత్వాన్ని ప్రవేశపెట్టిందేమో అనిపిస్తుందని ఆయన తరవాత మరో చోట రాశాడు.

విలియమ్స్ అన్నీ సరిగ్గా చెప్పాడని నేను అనను. 1807 నాటికి తోటల ఆర్థిక వ్యవస్థ పతనంలో లేదని, బ్రిటన్ వాణిజ్యంలో వాటి వాటా గట్టిగానే ఉందని 1977లో అమెరికన్ చరిత్రకారుడు సీమోర్ డ్రెషర్ అంకెలతో వాదించాడు. ఆ వాదనకు బలం ఉంది. లాభం వస్తున్న వ్యాపారాన్ని ఒక దేశం నిషేధించుకుందంటే ప్రజల నైతిక ఆగ్రహానికి కొంత చోటు ఇవ్వక తప్పదు. ఆ ఆగ్రహం కల్పితం కాదు. 1791 ప్రాంతంలో బానిసలు పండించిన చక్కెరను బ్రిటన్‌లో సుమారు 3 లక్షల మంది మానేశారు. 1833లో మహిళలు పార్లమెంటుకు సమర్పించిన ఒక విజ్ఞాపన పత్రం మీద లక్షా 87 వేల సంతకాలున్నాయి. ఓటు హక్కు లేని స్త్రీలు ఇంటింటికీ తిరిగి సేకరించిన సంతకాలు అవి. 1808 నుంచి పశ్చిమాఫ్రికా తీరంలో గస్తీ తిరిగిన నౌకాదళం సుమారు లక్షన్నర మందిని విడిపించింది. ఇవన్నీ గౌరవించవలసిన విషయాలే.

అయినా మనస్సాక్షా, లాభమా అన్న ఈ పాత వాదంలో రెండు పక్షాలూ లండన్ వైపే చూస్తూ ఉండిపోయాయని నా అభిప్రాయం. విలియమ్స్ పుస్తకంలో బానిసల తిరుగుబాట్ల మీద ఒక అధ్యాయం ఉంది. ముగింపుకు ముందు వచ్చే ఆ అధ్యాయాన్ని దశాబ్దాలపాటు జరిగిన చర్చ పెద్దగా పట్టించుకోలేదు. 1833 నాటికి మిగిలినవి రెండే దారులని, విముక్తి పైనుంచి రావాలి లేదా కింద నుంచి రావాలని ఆయన అక్కడ రాశాడు. ఆ మాట ఎందుకన్నాడో తెలుసుకోవాలంటే జమైకా వెళ్లాలి.

అక్కడ శామ్యూల్ షార్ప్ అనే బానిస ఉండేవాడు. బాప్టిస్టు చర్చిలో బోధకుడు, చదువు వచ్చినవాడు. లండన్‌లో జరుగుతున్న చర్చల గురించి పత్రికల్లో చదివి తోటివారికి చెప్పేవాడు. 1831 క్రిస్మస్ సెలవులు ముగిశాక కూలి ఇస్తే తప్ప పనిలోకి వెళ్లకూడదని రహస్య సమావేశాల్లో ప్రమాణాలు చేయించాడు. ఒక రకంగా అది సమ్మె. డిసెంబరు 27 రాత్రి కొండ మీద కెన్సింగ్టన్ తోట తగలబడటంతో అది తిరుగుబాటుగా మారి, దీవి పశ్చిమ భాగమంతా పాకింది. సుమారు 60 వేల మంది అందులో పాల్గొన్నారని అంచనా. తిరుగుబాటుదారుల చేతిలో చనిపోయిన తెల్లవారు 14 మంది; తిరుగుబాటు అణిచాక విచారణల పేరిట 300 మందికి పైగా ఉరి తీశారు. 1832 మే 23న షార్ప్‌ను కూడా ఉరి తీశారు. బానిసత్వంలో బతకడం కన్నా ఆ ఉరికంబం మీద చావడం మేలని ఆయన చెప్పినట్టు, జైల్లో ఆయనను కలిసిన ఒక మత ప్రచారకుడు రాశాడు. ఆ తరవాత పదిహేను నెలలకే రద్దు చట్టం వచ్చింది. హైతీలో బానిసలు తిరగబడి 1804లో స్వతంత్ర దేశాన్ని ఏర్పరచుకున్న సంగతి పార్లమెంటులో అందరికీ గుర్తుంది. 1816లో బార్బడోస్, 1823లో డెమెరారా, 1831లో జమైకా వరుసగా మండాక, ఇక ఆలస్యం చేస్తే దీవులే చేజారుతాయన్న భయం సభ్యులకు పట్టుకుంది.

తెలుగులో మనం స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు క్రియాపదాన్ని బట్టి అర్థమంతా మారిపోతుంది. స్వేచ్ఛ ఇచ్చారు, స్వేచ్ఛ వచ్చింది, స్వేచ్ఛ తెచ్చుకున్నారు. లెకీ, కూప్లండ్ మొదటి క్రియతో రాశారు. విలియమ్స్‌ను మార్కెట్ లెక్కల కోసం మాత్రమే చదివినవారు రెండో క్రియ దగ్గర ఆగిపోయారు. మూడో క్రియతో రాయాలంటే షార్ప్‌ను పాదసూచిక నుంచి తీసి కథ మధ్యలో నిలబెట్టాలి. సంతకాలు సేకరించిన స్త్రీలకు ఆయన పక్కనే చోటుంటుంది.

ఈ చరిత్రతో మనకూ సంబంధం ఉంది. 1820లలో ఇంగ్లండ్‌లో ఒక రకం చక్కెర గిన్నెలు అమ్మారు. ఇందులోది ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసింది కాదు అని వాటి మీద రాసి ఉండేది. కొన్నవారి సదుద్దేశం మీద నాకు సందేహం లేదు. కానీ 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలోని భూభాగాలకు వర్తించదని అందులోనే ఒక నిబంధన పెట్టారు. భారతదేశంలో న్యాయస్థానాలు బానిసత్వాన్ని గుర్తించకూడదన్న చట్టం రావడానికి 1843 దాకా పట్టింది. ఈలోగా తోటల్లో చేతులు కావలసి వచ్చాయి. 1834 నుంచే మారిషస్‌కు, 1838లో జాన్ గ్లాడ్‌స్టన్ చొరవతో బ్రిటిష్ గయానాకు మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తరలించారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో తెలుగువారికి కోరంగీలన్న పేరు స్థిరపడింది. అక్కడ ఇప్పటికీ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. బానిసత్వానికీ ఒప్పంద కూలికీ తేడా ఉంది; వీరికి గడువుంది, పేరుకైనా జీతముంది. అయినా 1834 ఆగస్టు 1 దగ్గర గీత గీసి, అక్కడితో కథ శుభంగా ముగిసిందని చెప్పే చరిత్రలో ఈ కోరంగీలకు చోటు ఉండదు.

లండన్ శివార్లలో క్యూ అనే చోట ఉన్న జాతీయ అభిలేఖాగారంలో, అంటే పాత ప్రభుత్వ పత్రాల భాండాగారంలో, పరిహారం పుస్తకాలున్న వరుసలోనే బానిసల రిజిస్టర్లు కూడా ఉన్నాయి. దొంగచాటుగా కొత్త బానిసలను తెస్తున్నారేమో కనిపెట్టడానికి చాలా కాలనీల్లో 1817 నుంచి వాటిని రాయించారు. జమైకా రిజిస్టర్లలో ఒక్కొక్కరికి ఒక్కో వరుస: యజమాని పెట్టిన పేరు, వయసు, ఆఫ్రికాలో పుట్టారా దీవిలోనే పుట్టారా అన్న వివరం, చాలాచోట్ల పసిబిడ్డ పేరు పక్కన తల్లి పేరు. కరీబియన్ కుటుంబాలవారు ఇప్పుడు తమ పూర్వీకుల కోసం ఆ పుటలు వెతుకుతున్నారు. ముత్తవ్వ పేరు దొరికితే, ఆమె పనిచేసిన తోట పేరు పట్టుకుని పరిహారం పుస్తకం తెరుస్తారు. ఆమెను వదులుకున్నందుకు ఎవరికి ఎంత చెల్లించారో అందులో ఉంటుంది.