ఎంతుంటే భారీ?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో మనం పెద్దగా వాడకపోయినా, పేపరు తెరిస్తే, టీవీ పెడితే పదేపదే తగిలే మాట ఒకటుంది. ‘భారీ’. మన విశాఖ పూర్ణా మార్కెట్లో కూరలమ్మే ఆవిడ ‘భారీ వంకాయలు బాబూ’ అనదు. పెద్ద వంకాయలంటుంది, నమ్మకపోతే తూచి చూపిస్తుంది. ఆవిడ కొడుకు మాత్రం క్రికెట్ చూసొచ్చి ‘భారీ స్కోరు కొట్టారమ్మా’ అంటాడు. సంస్కృతం నుంచి వచ్చిన ‘భారం’ మనకు ఎప్పట్నుంచో ఉంది. దాని చుట్టమే ఈ ‘భారీ’, హిందీ దారిలో వచ్చి చేరింది.

ఈ మాటకు కచ్చితమైన కొలత పెట్టుకున్నది వాతావరణ శాఖ. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ వర్షం. 115.5 దాటితే అతి భారీ. 204.4 కూడా దాటితే అత్యంత భారీ. తుపాను హెచ్చరికల కేంద్రం ఉన్న ఊరు మనది, 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను చూసిన ఊరు. ఇక్కడ ఆ మాట వినిపిస్తే ఫిషింగ్ హార్బర్లో పడవలకు ఇంకో తాడు పడుతుంది.

క్రికెట్ వార్తల్లో అలాంటి గీత లేదు. 2005 ఏప్రిల్‌లో మన స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోని 148 పరుగులు చేసిన రోజు భారత్ స్కోరు 356. యాభై ఓవర్లలో అన్ని పరుగులంటే అప్పట్లో నోరెళ్లబెట్టాల్సిందే. 2024 ఐపీఎల్‌లో అదే మైదానంలో కోల్‌కతా జట్టు ఇరవై ఓవర్లకే 272 కొట్టింది. అదీ భారీ స్కోరే, ఇదీ భారీ స్కోరే. అయినా మోసమేమీ లేదు, మాట పక్కనే అంకె నిలబడి ఉంటుంది. భారీ షాట్‌కు పోయి బౌండరీ దగ్గర దొరికిపోయిన బ్యాటర్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ షాట్ ఎంత భారీయో ఫీల్డర్ చేతులకే తెలుసు.

ఓట్ల లెక్కింపు రోజు రాజకీయ విలేకరులు ఈ భాషనే తెచ్చుకుంటారు. ఆధిక్యం, భారీ ఆధిక్యం, రౌండు రౌండుకూ స్కోరు. విశాఖ లోక్‌సభ స్థానంలో 2019లో గెలుపు ఓటములకు మధ్య తేడా 4,414 ఓట్లు. అప్పుడు ఓడిన అభ్యర్థే 2024లో 5,04,247 ఓట్ల మెజారిటీతో గెలిచారు. మొదటిదాన్ని స్వల్పమనీ రెండోదాన్ని భారీ అనీ అంటే ఎవరూ కాదనరు. గాజువాక అసెంబ్లీలో అదే ఏడాది వచ్చిన 95,235 కూడా భారీ మెజారిటీయే. లోక్‌సభకైతే అంత గొప్పగా చెప్పుకోరేమో. ఇక్కడా అంకె కాపలా ఉంది కాబట్టి మాట హద్దు మీరదు.

తంటా అంతా సభల దగ్గరే. ‘భారీ బహిరంగ సభ’, ‘భారీ ర్యాలీ’, ‘జనం భారీగా తరలివచ్చారు’. ఎంతమంది? లెక్కపెట్టిన స్కోరర్ ఎవరూ లేరు. బీచ్ రోడ్డులో జరిగిన ఒకే సభ ఒక పేపర్లో భారీ అవుతుంది, ఇంకో పేపర్లో జనం లేక వెలవెలబోతుంది. ఫొటో ఎక్కడ నిలబడి తీశారన్నదాన్ని బట్టి కూడా ఉంటుందనుకోండి. కొందరు సభ జరగకముందే ‘రేపు భారీ బహిరంగ సభ’ అని రాసేస్తారు. టాస్ వేయకముందే ‘భారీ స్కోరు చేశారు’ అని ఏ క్రీడా విలేకరీ రాయడు. నా మటుకు, ఈ ఒక్క విషయంలో ఆటల పేజీ వాళ్లే నయం.

ఇంకో చిత్రం. గెలుపుకు ‘భారీ విజయం’ అంటారు. ఓటమి దగ్గరికొచ్చేసరికి ‘భారీ పరాజయం’ అరుదు, ‘ఘోర పరాజయం’ అయిపోతుంది. 2023 మార్చిలో మన ఊళ్లోనే భారత్ 117కు ఆలౌటై, ఆస్ట్రేలియా 11 ఓవర్లలో వికెట్ పోకుండా ముగించేసినప్పుడు కూడా నోటికి ముందు వచ్చింది ‘ఘోర’మే. భారీ అనేదానిలో ఎంతో కొంత మెచ్చుకోలు ఉంటుంది, దాన్ని ఓడినవాడికి ఇవ్వబుద్ధి కాదు.

ఒక్కచోట మాత్రం ఓడినవాడికీ అది దక్కుతుంది. క్యాచ్ వదిలేసిన ఫీల్డరూ, టికెట్ ఇవ్వడంలో తప్పటడుగు వేసిన పార్టీ కూడా ‘భారీ మూల్యం’ చెల్లించుకోవాల్సిందే. ఇన్నేళ్లుగా పేపర్లు చదువుతున్నాను, ‘స్వల్ప మూల్యంతో బయటపడ్డారు’ అన్న వార్త మాత్రం నా కంట పడలేదు.

సెలవు. నమస్కారం.