ముందు కాలువ, తర్వాత గుండ్లకమ్మ

సభాధ్యక్షులకు, పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అమ్మగార్లకు, యువజనులకు ప్రభువు నామంలో వందనాలు. వేదిక మీద ఉన్నవారందరి పేర్లూ చెప్పడం మర్యాదే కానీ, నాకిచ్చింది అరగంట. పెద్దలు మన్నించాలి.

ఇచ్చిన అంశం ‘కష్టకాలంలో విశ్వాసి అవకాశాలు’. ఈ అంశం మీద ఎక్కడ ప్రసంగం జరిగినా ఇస్సాకును పిలుస్తారు. ఆదికాండం 26. కరువులో విత్తాడు, నూరంతలు కోశాడు, ఆమేన్. అక్కడితో బైబిలు మూసేస్తారు. అదే అధ్యాయంలో మట్టితో పూడ్చేసిన బావుల్ని ఇస్సాకు మనుషులు మళ్లీ తవ్వారని, మొదటి బావి దగ్గర తగాదా, రెండో బావి దగ్గర తగాదా, మూడోదాని దగ్గరే కుదురుకున్నారని చదివేవాళ్లు తక్కువ. పంట అందరికీ కావాలి, తవ్వకం ఎవరికీ వద్దు.

ఒంగోలు చరిత్రకూ ఇదే గతి పట్టింది. 1878 జూలై 3. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి. ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఈ అంకె మన పిల్లలకి కూడా కంఠతా వచ్చు. మరి అంతకు ముందు 15 నెలల పాటు ఇక్కడి అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదని ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా!

అందుకే నేను వెల్లంపల్లి గురించి కాదు, దానికి ముందు కరువులో తవ్విన కాలువ గురించి మాట్లాడతాను.

1876లో నైరుతి వానలు పోయాయి, ఈశాన్య వానలూ పోయాయి. అది ధాత సంవత్సరం కాబట్టి పెద్దలు ధాత కరువు అనేవారు. 1878 దాకా సాగింది. ధాన్యం ఉన్నచోట ఉంది, ధర కూలివాడికి అందలేదు. మద్రాసు ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. 1877 మొదట్లో భారత ప్రభుత్వం పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కూలి తగ్గించాడు. పని చేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే అర కేజీ కూడా లేదు. దాంతో ఎండలో మట్టి మొయ్యాలి! శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా పోట్లాడిన తర్వాతే, ఆ ఏడాదిలోనే, కూలి కాస్త పెంచారు.

బకింగ్‌హామ్ కాలువలో కొన్ని భాగాలు అంతకు ముందే ఉన్నాయి, కొన్ని అప్పుడు కరువు పనిగా తవ్వినవి. నాటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టారు. జాన్ ఎవరెట్ క్లౌ యువకుడిగా అమెరికాలో సర్వే పని చేసినవాడు. 1866 నుంచి ఒంగోలులో మిషనరీ. ఆయన ఆ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కూటాలు పెట్టలేదు, కాంట్రాక్టు తీసుకున్నాడు! బోధకులు మేస్త్రీలయ్యారు. ఒక్కొక్కరి కింద సుమారు వంద మంది, మొత్తం మూడు వేల దాకా జనం. అందులో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు. ఊళ్లో అంటరానివాళ్లుగా చూసే మేస్త్రీ కింద వాళ్లకి ఏం కొలత పడుతుందో, ఏం తిట్టు పడుతుందో నేను చెప్పక్కర్లేదు.

మట్టి పని తెలిసినవాళ్లు సభలో ఉన్నారు, వాళ్లకి నా మాట బోధపడుతుంది. తీరం దగ్గరిది ఇసుక నేల. గట్టు నిటారుగా కోస్తే జారి మళ్లీ కాలువలోనే పడుతుంది, చేసిన పని రెండోసారి చేయాలి. అందుకని వాలు ఎక్కువ ఇవ్వాలి, తవ్విపోసిన మట్టి అంచుకి దూరంగా పోయాలి. కొన్ని అడుగులు దిగితే ఊట. నీళ్లు తోడేవాళ్లు వేరే ఉండాలి. ఒకడు పలుగు పారతో తవ్వితే తట్ట మోసేవాళ్లు ఇద్దరు ముగ్గురు కావాలి. లోతు పెరిగే కొద్దీ ఎక్కడం పెరుగుతుంది, అదే మనిషి సాయంత్రానికి తక్కువ మట్టి తీస్తాడు. ఎంత లోతు తవ్వారో కొలవడానికి గుంతలో మధ్యమధ్య మట్టి దిమ్మల్ని తవ్వకుండా వదులుతారు. ఆ దిమ్మ తలను ఎవరైనా చెక్కేస్తే కూలి పోయినట్టే. ఆకలితో వచ్చినవాడికి కొలత ప్రకారం మాత్రమే కూలి ఇస్తే వాడు మొదటి వారంలోనే పడిపోతాడు. వేలమంది ఒకచోట చేరితే మంచినీళ్ల చోటు, దొడ్డికి వెళ్లే చోటు వేరు చేయకపోతే కలరా వస్తుంది. ఆ కరువులో జనాన్ని తీసుకుపోయింది ఒక్క ఆకలే కాదు, జబ్బులూ.

మధ్యాహ్నం పని ఆగినప్పుడు బోధకులు జనం మధ్య కూర్చుని మాట్లాడేవారు. ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా’ అన్న యేసు మాట నెత్తిన తట్ట మోసినవాడికి విడమర్చి చెప్పాలా? వాళ్లు బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి డబ్బూ ఆయన చేతిలోనే ఉంది, లండన్‌లో పోగుచేసిన కరువు నిధి మాన్షన్ హౌస్ ఫండ్ సాయమూ ఆయన చేతి మీదుగానే వెళ్తోంది. ఆ చేత్తోనే బాప్తిస్మం ఇస్తే అది అన్నం కోసం పుచ్చుకున్న మతమని లోకం అంటుంది, పుచ్చుకున్నవాడికీ లోపల అనుమానం మిగులుతుంది. సాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పిన తర్వాత కూడా జనం వచ్చారు. అప్పుడే వెల్లంపల్లి. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలిసినవాళ్లని మిగతావాళ్లు మారుస్తూ.

‘రైస్ క్రిస్టియన్లు’ అని ఇప్పటికీ మనల్ని అనేవాళ్లున్నారు. వాళ్లకి జవాబు ఆ 15 నెలల్లో ఉంది. మనం మాత్రం 2,222 అంటాం. అంకె చెప్తే వాళ్లకి ఇంకాస్త అనుమానమే!

ఇంకో ముక్క చెప్పి అసలు విషయానికొస్తాను. 2004 సునామీ నాడు తీరంలో కొన్నిచోట్ల ఈ కాలువే సముద్రపు నీటిని మింగి పల్లెల మీద దెబ్బ తగ్గించింది. పూడికతో, తుమ్మ చెట్లతో సగం చచ్చిన కాలువ అది. కొంత మేర కరువు కూలీలు తవ్వింది.

సరే, మన పని. తుపాను సాయం కమిటీలో ఉన్నవాళ్లు వినండి. పుస్తకాలు రెండు పెట్టండి. సాయం పుస్తకం ఒకరి దగ్గర, సంఘ సభ్యత్వ పుస్తకం మరొకరి దగ్గర. ఒకే మనిషి చేతిలో రెండూ ఉండకూడదు, పాస్టరు గారి చేతిలో అయినా సరే. పనికి కూలి ఇస్తే ఏ రోజుది ఆ రోజే, జనం ముందు కొలిచి, ముందు చెప్పిన రేటుకే ఇవ్వండి. తట్ట మోయలేని ముసలివాళ్లకి, బాలింతలకి పనితో ముడిపెట్టకుండా బియ్యం ఇవ్వండి. సాయం తీసుకున్నవాళ్లెవరైనా బాప్తిస్మం అడిగితే సంతోషించండి, సాయం ముగిసి కొన్ని నెలలు గడిచాక రమ్మనండి.

గుమ్మం దగ్గర బల్ల మీద సాయం ఫారాలు పెట్టారు. ఇందాక చూశాను. మూడో వరుసలో ‘ఏ సంఘం సభ్యులు’ అని ఒక గడి ఉంది. అచ్చు వేయించిన తమ్ముళ్లు ఏమీ అనుకోవద్దు, రేపు పొద్దున్న పంచేలోపు ఆ గడి కొట్టేయండి. పెన్నులు కావాలంటే నా దగ్గర ఉన్నాయి.