భానుమతమ్మ పాట, మా అమ్మ కండెలు

అందరికి నమస్కారం. పెద్దలకు, అక్కలకు, చెల్లెండ్లకు, కుర్చీలు దొరకక గోడకు నిలబడ్డ పిల్లలకు కూడ. భానుమతి గారి గురించి మాట్లాడాలె టీచర్ అని ఫోన్ చేసినప్పుడు ఫస్ట్ నేను వద్దన్న. నేను సినిమా మనిషిని గాదు, ముప్పై ఏండ్లు బడి పిల్లలకు సంగీతం చెప్పినదాన్ని, నాకు పాట తెలుసు అంతే అన్న. మాకు పాట గురించే కావాలె అన్నరు. ఇగ కాదనలేకపోయిన.

మాది ఓరుగల్లు కొత్తవాడ. ఇక్కడ కూసున్నోళ్ళల్ల సగం మందికి తెలుసు ఆ గల్లీలు ఎట్లుంటయో, ఇంటింటికి మగ్గం, ఇంటింటికి చప్పుడు. మా బాపు జంపఖానాలు నేసేటోడు, అమ్మ రాట్నం ముందట కూసొని కండెలు చుట్టేది, గూట్లె ఒక పాత రేడియో ఉండేది. ఆ రేడియోల ఏ పాటొచ్చినా అమ్మ చెయ్యి ఆగకపోయేది, భానుమతి పాట వస్తే మాత్రం రాట్నం కొంచెం నెమ్మదయ్యేది. ఆగేది గాదు, నెమ్మదయ్యేది, నూలు తెగకుండ పాట వినపడేటంత. ఆ తేడా నాకు చిన్నప్పుడే ఎరుకైంది, రాట్నం చప్పుడు మారిందంటే వంటింట్ల ఉన్నా ఉరికొచ్చేదాన్ని, ఆమె పాట వస్తుందని.

నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు ఆగస్టు పదిహేనుకు పాటలు పాడే పిల్లల్ని ఏరిన్రు. నేను పాడిన. ఒక సారు విని, ఇది ముక్కుల నుంచి వస్తున్న గొంతు, ఆడపిల్ల గొంతు లెక్క మెత్తగ లేదు అని నన్ను చివరి వరుసల నిలబెట్టి, పెదవులు కదిలియ్యి సాలు అన్నడు. ఇంటికొచ్చి ఏడ్చిన. అమ్మ కండె పక్కకు పెట్టి ఒక్కటే మాట అన్నది. "భానుమతిది మాత్రం ముక్కు గొంతు గాదా, ఆమెను ఎవడన్న ఎనక నిలబెట్టిండా?"

నేను ఇయ్యాల చెప్పేదంతా ఆ మాట చుట్టే తిరుగుతది.

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంల పుట్టింది. నాయిన బొమ్మరాజు వెంకట సుబ్బయ్య గారు సంగీతం వచ్చినాయన, బిడ్డకు ఇంట్లనే కర్నాటక సంగీతం నేర్పిండు. 1939ల సి.పుల్లయ్య గారు వరవిక్రయం తీస్తే అందుల కాళింది అనే పిల్ల వేషం ఏసింది, కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకునుడు సూడలేక బాయిల పడి సచ్చిపోయే పిల్ల. అప్పటికి ఆమెకు పద్నాలుగేండ్లు కూడ సరిగ్గ నిండలే. కట్నాల సంగతి ఇప్పటికీ మనిండ్లల్ల ఎట్లున్నదో మీకు నేను చెప్పే పని లేదు.

ఆ రోజులల్ల ఎవ్వల పాట వాళ్ళే పాడుకోవాలె, పాట రాకపోతే వేషమే రాదు. తర్వాత తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది, లీల, జిక్కి, సుశీలమ్మ అసొంటి మహా గాయకులు వచ్చిన్రు, తెర మీద ముఖం ఒకలది గొంతు ఇంకొకలది అయింది. అదేం తప్పు గాదు, సుశీలమ్మ పాట లేకపోతే మన బతుకుల సగం తీపి లేదు. కాని భానుమతి మాత్రం తెలుగుల తన పాటను ఇంకొకల చేతుల పెట్టలే. 1939ల ఎట్ల మొదలు పెట్టిందో అరవై ఏండ్లు దగ్గర పడ్డంక కూడ గట్లనే, మంగమ్మగారి మనవడుల నాయనమ్మ వేషం ఏసి వాణీ జయరాంతోని కలిసి శ్రీ సూర్యనారాయణా మేలుకో అని పాడింది చూడండి, 1984ల. ఆ పాట మన ఊర్లల్ల పొద్దుగాల పొద్దుగాల ఎన్ని హోటళ్ళల్ల మోగిందో.

1943ల కృష్ణప్రేమ సినిమా తీస్తున్నప్పుడు అసిస్టెంటు డైరెక్టరుగ పనిచేసే రామకృష్ణారావు గారిని ఇష్టపడింది, ఆయన దగ్గర పైసలు లేవు, ఇంట్ల ఒప్పుకోలే, ఆమె పట్టు పట్టి చేసుకున్నది. చేసుకున్నంక సినిమాలు బంద్ చేసి ఇంట్లనే ఉందామనుకున్నది, నిజంగనే అనుకున్నది. అప్పుడు బి.ఎన్.రెడ్డి గారు స్వర్గసీమ కోసం అడిగిన్రు. 1945ల ఆ సినిమా వచ్చింది. వీధుల ఆడిపాడే పిల్ల నాటకాల స్టారు అయి ఒక సంసారాన్ని చిందరవందర చేసే వేషం, అందుల ఓహో పావురమా అనే పాట. సంప్రదాయ సంగీతం నేర్చిన గొంతు అంత సరసంగ, గాలిల తేలినట్టు పాడుతదని అప్పటిదాక ఎవ్వలికీ తెల్వది. ఘంటసాల గారు కూడ ఆ సినిమాలనే ఆమెతోని పాడిండు, అప్పటికి ఆయన ఇంకా పేరు రాని కుర్రాడే.

కొడుకు పుట్టిండు, పేరు భరణి. ఆ పేరుతోనే మొగుడు పెండ్లాలు కలిసి కంపెనీ పెట్టిన్రు, తర్వాత మద్రాసుల స్టూడియో కూడ కట్టిన్రు. 1948ల రత్నమాల, 1949ల లైలామజ్ను. 1953ల చండీరాణి, దీన్ని నేను కొంచెం నిదానంగ చెప్తా. తెలుగుల ఒక ఆడామె డైరెక్టు చేసిన మొదటి సినిమా అది. ఒక్క తెలుగే గాదు, తమిళం, హిందీ, మూడు భాషలల్ల ఒక్కసారే తీసింది, డబుల్ రోల్ కూడ తనే ఏసింది. ఇరవై ఏడు ఇరవై ఎనిమిదేండ్ల పిల్ల. సెట్ల ఉన్న అంతమంది మొగోళ్ళకు ఇటు నిలబడు, లైటు అటు పెట్టు అని చెప్పుడంటే ఏందో బళ్ళె హెడ్మాస్టర్ పని చేసిన ఆడోళ్ళను అడగండి, వాళ్ళకు తెలుస్తది. ఆ మరుసటి ఏడు చక్రపాణి అనే సినిమాకు మ్యూజిక్ కూడ తనే చేసింది.

ఇగ మల్లీశ్వరి. 1951. దీని గురించి అడగకపోయినా నేను చెప్తా. బి.ఎన్.రెడ్డి గారి సినిమా, కృష్ణశాస్త్రి గారి మాట, సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం, హీరో రామారావు గారు. నాగరాజు శిల్పి, మల్లి ఆయన మరదలు, ఆ మల్లి వేషం భానుమతిది. వానల ఒక సత్రంల ఆగుతరు, మల్లి ఆడుకుంట పాడుతది, మారువేషంల ఉన్న రాయలవారు చూస్తడు, నాగరాజు నవ్వులాటకు మా మల్లికి పల్లకి పంపమని రాయలకు చెప్పండి అంటడు, ఆ పల్లకి నిజంగనే వస్తది. నవ్వులాటకు అన్న మాట ఇద్దరి నడుమ గోడ అయితది. మన ఓరుగల్లోళ్ళం ఆ సినిమా చూస్తే వేరేగ ఉంటది, వేయిస్తంభాల గుడిల ఆ స్తంభాలు, రామప్ప గోడల మీద ఆ నాట్యగత్తెలు చూసుకుంట పెరిగినోళ్ళం గద, ఎవ్వలో ఒక శిల్పి తన మల్లిని రాయిల పెట్టుకున్నడు కావచ్చు అనిపిస్తది.

అందుల మనసున మల్లెల పాట. ఇన్నాళ్ళ ఎడబాటు తర్వాత రాత్రిపూట బావ కోసం వచ్చిన పిల్ల పాట. నేను పిల్లలకు ఇదే పాట పెట్టి చెప్పేదాన్ని, కండ్లు మూసుకొని ఫస్ట్ లైన్ వినండి అని. "మాలలూగెనే" అన్న కాడ ఆమె గొంతు నిజంగ ఊగుతది, కాని ఊయల ఊగినట్టు పెద్దగ గాదు, తీగకు ఉన్న పువ్వు గాలికి కదిలినట్టు, ఒక్క రవ్వ. అక్కడ ఇంకో అణా ఎక్కువ ఊగితే కచేరి అయిపోతది, తక్కువైతే చదివినట్టు ఉంటది. తర్వాత కండ్లు తెరిచి చూడండి అనేదాన్ని. శ్వాస ఎక్కడ తీసుకున్నదో మెడ దగ్గర కనపడుతది, ఎందుకంటే పాడింది ఆమెనే, ఊపిరి ఎక్కడున్నదో ఆమె ఒంటికి యాదికున్నది. ఇంకొకల పాటకు పెదవులు కలిపినప్పుడు అది రాదు. ఎంత గొప్ప నటి అయినా రాదు.

1954ల విప్రనారాయణ. దేవదేవి వేషం. నాగేశ్వరరావు గారికి ఎ.ఎం.రాజా పాడిండు. అందుల జయదేవుని అష్టపది సావిరహే పాడుతది, ఎందుకోయి తోటమాలి కూడ పాడుతది, ఒకటి పండితుల పాట ఒకటి సాదా పాట, రెండిట్లనూ అదే మనిషి ఉంటది.

ఆమెకు పొగరు అన్నరు. చానా మంది అన్నరు, ఇప్పటికీ అంటరు. మిస్సమ్మ సంగతి అందరికి తెలిసిందే, కొన్ని రీళ్ళు తీసినంక ప్రొడ్యూసర్ తోని మాట మాట వచ్చింది, సారీ చెప్పమంటే చెప్పలే, సినిమా వదులుకున్నది, ఆ వేషం సావిత్రి గారికి పోయింది. మిస్సమ్మ ఎంత పెద్ద హిట్ అయిందో చూసినంక ఎవ్వలికైనా కడుపుల మండుతది. ఆమె మాత్రం తను తప్పుకునుడుతోని ఒక గొప్ప నటి వెలుగులకు వచ్చింది అని సంతోషంగ చెప్పుకునేదట. నాకైతే ఇది పొగరు లెక్క కనపడది. తన గొంతు తనకు తెలిసిన మనిషి, అంతే. మొగోడు గట్లుంటే నిక్కచ్చి మనిషి అంటం, ఆడామె గట్లుంటే పొగరు అంటం, ఇది నాకు ఇష్టం లేదు, ఈ మైకుల చెప్తున్న.

నవ్వు కూడ మస్తు ఉండేది ఆమెలో. 1965ల అంతస్తులు సినిమాల ఆడపిల్లల్ని ఏడిపించే పోరగాళ్ళను దులపర బుల్లోడో అని పాడి కడిగేసింది. 1966ల పల్నాటి యుద్ధంల నాయకురాలు నాగమ్మ, ఆ నాగమ్మ మన కరీంనగర్ వైపు బిడ్డనే అని పెద్దలు చెప్తరు, ఆ మాట వింటే ఆ వేషం చూసినప్పుడు ఇంకా దగ్గరైతది. ఇగ అత్తగారి కథలు చదవనోళ్ళు ఉంటే రేపే లైబ్రరీకి పోండి. మన కథలల్ల అత్త అంటే రాక్షసే గద, ఈమె రాసిన అత్త మడి, ఆచారం, మొండితనం, అమాయకత్వం అన్నీ కలిసిన ముసలామె, చదువుతుంటే మన ఇంట్ల మనిషే. నాలో నేను అని జీవిత కథ రాసుకుంటే దానికి నేషనల్ అవార్డు వచ్చింది. పద్మశ్రీ 1966ల, పద్మభూషణ్ 2001ల. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపల్ గ కూడ చేసింది, ఒక పాటల టీచర్ గ నాకు వేషాలన్నిటి కంటే ఈ పని ఎక్కువ ఇష్టం. 2005 డిసెంబరు 24న చెన్నైల పోయింది.

ఆ రోజు మా అమ్మ టీవీ ముందట కూసొని ఏం మాట్లాడలే. అప్పటికి మగ్గం లేదు, రాట్నం అటక మీద ఉన్నది.

అమ్మ చివరి రోజులల్ల మనుషుల పేర్లు మర్చిపోయింది. నన్ను ఒక్కోసారి వాళ్ళ చెల్లె అనుకునేది. ఒక రాత్రి నిద్ర పడ్తలేదని నేను పక్కన కూసొని మనసున మల్లెల పాడిన. మాలలూగెనే కాడ నేను అలసిపోయి సాఫుగ లాగేసిన, ఊగియ్యలే. అమ్మ కండ్లు మూసుకునే వేలు లేపింది. కాదు అన్నట్టు. వేలితోని గాలిల చిన్నగ, కండె మీద నూలు చుట్టినట్టు తిప్పి చూపెట్టింది. నేను మళ్ళ పాడిన. వేలు దించింది.

ఆ పాట ఇప్పుడు ఒక్క పల్లవి పాడుత. ముక్కు గొంతే, గట్లనే పాడుత. తమ్ముడూ, ఆ ఫ్యాన్ ఒక్క నిమిషం బంద్ చెయ్యి బిడ్డా.