యూపీఎస్ కూత ఆగేదాకా

అందరికీ నమస్కారం.

చెన్నైలో నెలవారీ మెయింటెనెన్స్ కరెంటు కోత చాలా ఏరియాల్లో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఉంటుంది. అంటే ఐదు గంటలు. కరెంటు పోయినప్పుడు సర్వర్లని బ్యాటరీల మీద నిలబెట్టే మన యూపీఎస్ ఎంతసేపు వస్తుందో దీంతో పోల్చి చూద్దాం.

12 వోల్టుల, 42 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీలు 16 వరసగా కలిపితే 192 వోల్టులు. 42తో గుణిస్తే దాదాపు 8,000 వాట్-అవర్లు. సర్వర్లు 1,800 వాట్లు లాగుతుంటే, యూపీఎస్ తినేది కలిపి 2,000. కాగితం మీద నాలుగు గంటలు. కానీ బ్యాటరీ మీద రాసిన 42 అనేది పది, ఇరవై గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. గబగబా లాగితే కొత్త సెట్టు కూడా మూడు గంటలకు మించి రాదనుకోండి. పైగా 25 డిగ్రీలు దాటాక వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ లెడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుంది. మెట్ల కింద గాలాడని గదిలో పెట్టిన బ్యాటరీలకు మే నెల ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇక 16లో ఒక్కటి చెడినా మొత్తం వరసని కిందికి లాగేస్తుంది. ఛార్జింగ్‌లో ఉండగా కొలిస్తే అన్నీ 13.5 చుట్టూ చూపిస్తాయి, అది చూసి మోసపోవద్దు. మెయిన్స్ ఆపి, లోడు మీద పది నిమిషాలు నడిచాక మల్టీమీటరు పెట్టండి. పదిహేను 12.2 దగ్గర నిలబడి, ఒకటి 10.8కి జారితే దొంగ దొరికినట్టే. 192 వోల్టుల డీసీ ప్రాణం తీస్తుంది. గ్లోవ్స్ లేకుండా, ఉంగరాలూ వాచీ తీయకుండా టెర్మినల్స్ ముట్టుకోవద్దు.

నా ఉద్దేశంలో యూపీఎస్ పని సర్వర్లని నడపడం కాదు, జనరేటర్ అందుకునేదాకా నిలబెట్టడం. అది అందుకోకపోతే పద్ధతిగా ఆపడం. గదిని చల్లబరిచే ఏసీ, యూపీఎస్ మీద ఉండదు కదా, చిన్న గదిలో బ్యాటరీ కంటే ముందు వేడే మనల్ని ఓడిస్తుంది. అందుకే 'లో బ్యాటరీ' సంకేతం కోసం కాచుకోవద్దు. ముసలి బ్యాటరీలో ఆ సంకేతమూ కరెంటు పోవడమూ దాదాపు ఒకేసారి జరుగుతాయి. యూపీఎస్‌ని గమనిస్తూ సర్వర్లని ఆపే సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్‌లో టైమరు పెట్టి, పది నిమిషాలకే షట్‌డౌన్ మొదలయ్యేలా చూడండి. ముందు అప్లికేషన్లు, తర్వాత డేటాబేస్, చివర్న స్టోరేజ్.

ఇక్కడ తరచూ జరిగే తప్పొకటుంది. సర్వర్లు యూపీఎస్ మీద ఉంటాయి, నెట్‌వర్క్ స్విచ్ మాత్రం గోడ సాకెట్‌లో ఉంటుంది. కరెంటు పోగానే స్విచ్ చచ్చిపోతుంది, షట్‌డౌన్ కబురు ఒక్క సర్వర్‌కీ చేరదు. ఆ స్విచ్‌ని యూపీఎస్‌కి మార్చడం ఐదు నిమిషాల పని.

ఇంకొకటి, షట్‌డౌన్ సగంలో ఉండగా కరెంటు తిరిగొచ్చిందనుకోండి. యూపీఎస్ అవుట్‌పుట్ ఒకసారి కట్ అయి మళ్లీ వస్తేనే ఆగిన సర్వర్లు లేస్తాయి, లేకపోతే ఆగినట్టే ఉండిపోతాయి. అందుకని షట్‌డౌన్ మొదలయ్యాక అవుట్‌పుట్ తప్పనిసరిగా కట్ అయ్యేలా సెట్ చేయండి. కరెంటు రాగానే ఆన్ అయ్యే ఆప్షన్‌ని సర్వర్ల బయోస్‌లో (స్టార్టప్ సెట్టింగుల్లో) ఎంచుకోండి.

జనరేటర్ స్టార్టయినంత మాత్రాన నిశ్చింతగా కూర్చోవద్దు. బయట ఇంజన్ మోగుతున్నా, యూపీఎస్ కొన్ని సెకన్లకోసారి కూస్తూనే ఉందంటే అది ఇంకా బ్యాటరీ మీదే ఉంది. ఏసీలన్నీ ఒక్కసారిగా ఎక్కితే ఇంజన్ వేగం పడి ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి తప్పుతుంది, యూపీఎస్ ఆ కరెంటుని తీసుకోదు. ఏసీలకు టైమర్లు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించండి. జనరేటర్, బ్యాటరీలు బేస్‌మెంట్‌లో ఉంటే పైకి తెప్పించండి, 2015 డిసెంబరు చెన్నై వరదని మరవొద్దు.

శనివారం సాయంత్రం బ్యాకప్ తీసుకుని, అందరికీ చెప్పి, మెయిన్ ఎంసీబీ దించండి. ఎన్నో నిమిషానికి జనరేటర్ లోడు తీసుకుంది, కూత ఎప్పుడు ఆగింది, గది ఎంత వేడెక్కింది, అన్నీ రాసి యూపీఎస్ తలుపు మీద అతికించండి. మూడు నెలలకోసారి ఆ కాగితం మారాలి.