గుకేశ్‌కి ఏమైంది? వైజాగ్ స్టూడియో చర్చ

యాంకర్: 2025 సమర్‌ఖండ్ గ్రాండ్ స్విస్ చెస్ టోర్నమెంటులో వరల్డ్ ఛాంపియన్ గుకేశ్ వరుసగా మూడు గేములు ఓడాడు. 18 ఏళ్లకే టైటిల్, అప్పుడే పతనమా? అందరికీ సమానంగా టైమ్ ఇస్తాం. మేడమ్, నాలుగో తరగతి తర్వాత రెగ్యులర్ బడి మానిపించడం వల్లే కదా ఇదంతా?

సైకాలజిస్ట్: బడి ఒక్కటే కాదండీ. 2023లో వరల్డ్ టైటిల్ గెలిచాక చైనా ఆటగాడు డింగ్ లిరెన్...

కోచ్: ఆగండి మేడమ్. మూడు గేములకే పతనమా? 2024లో సింగపూర్‌లో ఆ డింగ్ మీదే గుకేశ్ 7.5–6.5తో గెలిచి టైటిల్ పట్టాడు. ఆఖరి గేము, నల్ల పావులు. డ్రా అనే అనుకున్నారంతా. 55వ ఎత్తులో డింగ్ పొరపాటున రూక్‌ని ఎఫ్2 గడికి జరిపాడు. రూక్‌లు పోయాయి, బిషప్‌లు పోబోతున్నాయి, ఇక బంట్లదే ఆట! గుకేశ్ అంతసేపు ఓపిగ్గా లాగాడు కాబట్టే...

యాంకర్: ఆ ఓపిక బడికెళ్తే రాదా?

కోచ్: బడి, బడి! 2025 జూన్‌లో నార్వేలో వరల్డ్ నంబర్ వన్ కార్ల్‌సన్‌ని ఓడించాడు. ఓడిన కార్ల్‌సన్ బల్ల గుద్దింది మీ ఛానెలే తెల్లారేదాకా చూపించింది.

గాజువాక నుంచి వచ్చిన తల్లి: సార్, మా పాప కూడా ఆడుతోంది. ఒకవేళ ఆట ఆగిపోతే...

కోచ్: ఆగదమ్మా! హంపి వాళ్ల నాన్నగారు ఉద్యోగం మానేసి నేర్పించారు. 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. 2024లో మళ్లీ వరల్డ్ రాపిడ్ చెస్ టైటిల్!

సైకాలజిస్ట్: ఆవిడ అడిగింది అది కాదు. పరిమార్జన్ నేగి 13 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదువుకి వెళ్లిపోయాడు. దాన్ని పతనమంటామా?

యాంకర్: చూశారా, చదువే! సరే, గుకేశ్ టైటిల్ గెలవగానే చంద్రబాబు గారు మన తెలుగబ్బాయి అన్నారు. అతను పుట్టి పెరిగింది చెన్నైలో. మరి ఓడినప్పుడు ఎవరబ్బాయి?

[ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. తెలుగా తమిళమా అన్న గొడవ చాలాసేపు సాగింది. కోచ్ గొంతే వినిపించింది.]

తల్లి: నా ప్రశ్నకి...

కోచ్: అమ్మా, పాప రేటింగెంత?

తల్లి: ఇంకా రాలేదండీ.

కోచ్: అయితే రేపే టోర్నమెంటుకి పంపండి.

సైకాలజిస్ట్: అడగాల్సింది పాపని కదా...

యాంకర్: టైమ్ అయిపోయింది మేడమ్. మాస్టారు బాగా చెప్పారు, మూడు ఓటములు పతనం కాదు. అయినా బడి సంగతి మాత్రం...

కోచ్: మళ్లీ బడా!

యాంకర్: బ్రేక్ తర్వాత స్టీల్‌ప్లాంట్‌పై చర్చ. మాస్టారూ, మీరు ఉండండి.